విమాన పరిశ్రమలో స్త్రీల పెత్తనము: మన ఇండ్లకు ఒక పాఠము

విమానములను నడుపు స్త్రీల విషయమున భారతదేశము లోకమునకు ముందున్నదని మనము తరచు వినుచున్నాము. అది నిజమే. మన దేశపు విమాన చోదకులలో స్త్రీలు సుమారు 15 శాతమనియు, ప్రపంచపు సగటు సుమారు 5 శాతమే అనియు కేంద్ర ప్రభుత్వము 2022 ప్రాంతమున ప్రకటించినది. గర్వింపదగిన విషయమే. కాని ఈ లెక్క ప్రక్కనే మరియొక లెక్క కలదు. దానిని పైకి చదువువారు అరుదు. విమానము నడుపు స్త్రీలు ఇందరుండగా, విమాన వ్యాపారమును నడుపు స్త్రీలు ఎందరు?

ప్రేమ్ మాథుర్ గారు 1947లో వాణిజ్య విమానములు నడుపుటకు అనుమతి పొందిరి. మన దేశమున అట్టి అనుమతి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. పలు సంస్థలు ఆమెను కాదనగా, పిలిచి ఉద్యోగమిచ్చినది హైదరాబాదు బేగంపేట కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ. తెలుగువారు జ్ఞప్తియందుంచుకొనదగిన మాట ఇది. 1949లో ఆమె జాతీయ విమాన పందెమున గెలుపొందిరి. అట్లే బెంగళూరు జక్కూరు శిక్షణ పాఠశాలలో విమానము నడుపుట నేర్చిన ఉషా సుందరం గారు, 1951లో తమ భర్తతో కలసి, మదరాసు ప్రభుత్వము కొనిన డవ్ విమానమును ఇంగ్లండు నుండి బొంబాయికి 27 గంటలలో చేర్చిరి. ఇట్లు స్వాతంత్ర్యము వచ్చిన నాలుగేండ్లలోనే స్త్రీకి ఆకాశపు దారి తెరచుకొన్నది. కాని ఒక భారతీయ విమాన సంస్థకు స్త్రీ అధిపతి అగుటకు 2020 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ సంవత్సరమున హర్‌ప్రీత్ సింగ్ గారు అలయన్స్ ఎయిర్ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారిణిగా నియమింపబడిరి. చోదకురాలి ఆసనము నుండి అధిపతి ఆసనము వరకు గల దూరము 73 సంవత్సరములు!

ఈ ఆలస్యమునకు కారణమేమి? స్త్రీకి శక్తి చాలదని నేడు ఎవరును బహిరంగముగా అనరు. నా అభిప్రాయమున కారణము వేరు. విమానము నడుపుటకు పరీక్ష కలదు. ఇన్ని గంటలు ఎగురవలెను, ఇన్ని ప్రశ్నలకు సమాధానమీయవలెను, కన్ను, చెవి, గుండె సరిగా ఉండవలెను. పరీక్షలో నెగ్గినవారికి అనుమతి పత్రము లభించును. అది పురుషుడా, స్త్రీయా అని యంత్రము అడుగదు. వ్యాపారమునకు అట్టి పరీక్ష లేదు. వ్యాపారపు పెత్తనము నమ్మకము మీద వచ్చునది. జమాఖర్చు చూపి, బ్యాంకువారి వద్దకు వెంటబెట్టుకొనిపోయి, సంతకము చేయు అధికారమిచ్చి, తప్పు చేసినను దిద్దుకొను అవకాశమిచ్చి, ఏండ్ల తరబడి ఒకరు మరియొకరికి ఇచ్చునది. ఆ నమ్మకమును మనము కొడుకులకు అడుగకయే ఇచ్చుచున్నాము. కూతుండ్రకు అడిగినను ఇచ్చుట లేదు. ఇంటిలో ఆపద వచ్చి, మగదిక్కు లేని నాడు మాత్రము ఇనపపెట్టె తాళములు ఆమె చేతిలో పెట్టుచున్నాము. అది ఆమెను గౌరవించుట కాదు. ఆమె మీద భారము మోపుట.

ఈ మాటను బలపరచుటకు విమాన పరిశ్రమలోనే ఒక చరిత్ర కలదు. ఆలివ్ ఆన్ బీచ్ అను అమెరికా వనిత చరిత్ర అది.

ఆమె 1903లో కాన్సస్ రాష్ట్రమున వేవర్లీ అను చిన్న ఊరిలో జన్మించెను. ఏడవ యేటనే తల్లి ఆమె పేర బ్యాంకు ఖాతా తెరిపించెను. పదునొకండవ యేట ఆ ఇంటి బాకీలకు చెక్కులు వ్రాసి చెల్లించు పని ఆ బాలికకు అప్పగింపబడెను. పాఠకులు ఈ ఒక్క విషయమును గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. తక్కిన కథ యంతయు ఆ చెక్కుపుస్తకము నుండి పుట్టినదే.

పెద్ద చదువులు ఆమె చదువలేదు. విచిటా నగరపు వాణిజ్య పాఠశాలలో కార్యాలయపు పనులు నేర్చెను. 1925 ప్రాంతమున ఆ నగరముననే ట్రావెల్ ఎయిర్ అను విమాన నిర్మాణ సంస్థలో గుమస్తాగా చేరెను. అప్పుడు అందు పనిచేయువారు పండ్రెండుగురు. వారిలో స్త్రీ ఆమె యొక్కతయే. విమానము నడుప నేరనిదియు ఆమె యొక్కతయే. విమానపు భాగముల పేర్లు తెలియవని తోటివారు ఎగతాళి చేయగా, ఆమె నొచ్చుకొని ఊరకుండలేదు. అచటి ఇంజనీరు చేత విమానపు పటమును గీయించి, ఒక్కొక్క భాగమునకు పేరు వ్రాయించుకొని, ఆ పేర్లన్నియు నేర్చుకొనెను. కొలది కాలములోనే కార్యాలయ నిర్వహణ యంతయు ఆమె చేతికి వచ్చెను.

ఆ సంస్థను నడిపినవారిలో ఒకడైన వాల్టర్ బీచ్‌ను ఆమె 1930లో వివాహమాడెను. 1932లో, అమెరికా యంతయు ఆర్థిక మాంద్యముతో కుంగియున్న దినములలో, దంపతులిరువురును విచిటాలో బీచ్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించిరి. భర్త విమానముల నిర్మాణము చూచుకొనెను. భార్య ధనము చూచుకొనెను. ఆమె అచట యజమాని భార్యగా కూర్చుండలేదు. కార్యదర్శి, కోశాధికారి అను పదవులతో, పేరును పనియు రెండును కలిగి పనిచేసెను.

1936లో బెండిక్స్ విమాన పందెము వచ్చెను. న్యూయార్కు నుండి లాస్ ఏంజిలిస్ వరకు, ఆ దేశమును అడ్డముగా దాటవలెను. తమ సంస్థ విమానమును స్త్రీయే నడుపవలెనని సలహా ఇచ్చినది ఆలివ్ ఆన్. లూయీజ్ థేడెన్, బ్లాంచ్ నాయిస్ అను ఇరువురు వనితలు ఆ విమానమును నడిపి, పురుషులనందరిని మించి మొదటి స్థానము పొందిరి. గెలిచినను ఓడినను ముందుగా చేరిన స్త్రీకి ఇచ్చుటకై పందెమువారు 2,500 డాలర్లు ఓదార్పు బహుమతిగా వేరుగా ఉంచియుండిరి! అదియు వారికే దక్కెను. స్త్రీ గెలువదని ముందే నిశ్చయించుకొన్న వారికి ఇంతకంటె తగిన సమాధానము ఉండదు. ఆ గెలుపు వలన బీచ్ విమానములకు వచ్చిన పేరు సామాన్యము కాదు. ధైర్యము చోదకులది, అందలి వ్యాపార దృష్టి ఆలివ్ ఆన్‌ది.

అసలు పరీక్ష 1940లో వచ్చినది. వాల్టర్ బీచ్ మెదడువాపు జ్వరముతో తెలివి తప్పి ఆసుపత్రిలో పడియుండెను. అదే సమయమున అదే ఆసుపత్రిలో ఆలివ్ ఆన్ రెండవ కుమార్తెను ప్రసవించెను. సంస్థలోని కొందరు అధికారులు ఇదియే అదనని పెత్తనము తమ చేతిలోనికి తీసికొనుటకు ప్రయత్నించిరి. ఆమె ఆసుపత్రి మంచము మీద నుండియే కార్యభారము వహించి, ఆ ప్రయత్నమును విఫలము చేసి, వారిని తొలగించెను. యుద్ధపు అవసరములకు వలసిన పెద్ద ఋణములను తానే మాటలాడి సమకూర్చెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఆ సంస్థ సేనలకు 7,400 పైచిలుకు విమానములను నిర్మించి ఇచ్చినది.

1950లో భర్త మరణించగా ఆమె సంస్థకు అధ్యక్షురాలై, 1968 వరకు ఆ పదవిలోను, అటుపిమ్మటను పాలకవర్గపు అగ్రస్థానమునను ఉండెను. పెద్ద విమాన నిర్మాణ సంస్థకు అధిపతియైన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె కాలముననే, 1964లో, కింగ్ ఎయిర్ అను విమానము వెలువడినది. మన దేశమునందును పలు రాష్ట్ర ప్రభుత్వములు ఆ తరగతి విమానములను వాడినవి. జెమిని, అపోలో అంతరిక్ష యాత్రలకు వలసిన అతిశీతల వాయు సంగ్రహణ సాధనములను గూడ ఆ సంస్థ సమకూర్చినది. 1980లో సంస్థ రేథియాన్‌తో విలీనమైనది. 1993లో ఆమె పరమపదించెను.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. "భర్త స్థాపించిన సంస్థ భార్యకు దక్కినది, ఇందులో విశేషమేమి?" అని అడుగవచ్చును. సమాధానము ఆమె చరిత్రలోనే కలదు. ఆస్తి వారసత్వముగా వచ్చును, పెత్తనము రాదు. 1940లో భర్త తెలివి తప్పియున్న నాడు వాటాలు మాత్రమే చేతనుండి, లెక్కలు తెలియకుండినచో, ఆ అధికారులు ఆమెకు ఓదార్పు మాటలు చెప్పి, కాగితముల మీద సంతకములు తీసికొని, సంస్థను ఏలియుండెడివారు. అట్లు జరుగకపోవుటకు హేతువు ఆమె అప్పటికి పదునైదేండ్లుగా ఆ పద్దులు స్వయముగా వ్రాయుచుండుటయే. ఏ బ్యాంకు ఎంత ఇచ్చునో, ఏ విమానమునకు ఎంత ఖర్చగునో, ఎవరు నమ్మదగినవారో ఆమెకు తెలియును. ఆపద ఆమెను పెత్తందారును చేయలేదు. ముందే పెత్తందారు కనుక ఆపదను దాటినది.

ఇటీవలి కాలపు నియామకములును ఇదే చెప్పుచున్నవి. 2018 చివర ఆన్ రిగాయ్ ఎయిర్ ఫ్రాన్స్ సంస్థకు అధిపతియైనది. ఆమె ఇంజనీరింగు చదివినది. 2023లో ఆస్ట్రేలియా వారి క్వాంటాస్ సంస్థకు వెనెస్సా హడ్సన్ అధిపతియైనది. అంతకు పూర్వము ఆమె ఆ సంస్థ ఆర్థిక వ్యవహారములకు పెద్ద. 2024లో అమెరికా వారి జెట్‌బ్లూ సంస్థకు జోయానా జెరాటీ అధిపతియైనది, ఆమె న్యాయవాది. అదే సంవత్సరము జపాన్ ఎయిర్‌లైన్స్ సంస్థకు అధ్యక్షురాలైన మిత్సుకో తొత్తోరి, 1985లో విమానమున ప్రయాణికులకు పరిచర్య చేయు ఉద్యోగినిగా ఆ రంగమున ప్రవేశించినది. మన హర్‌ప్రీత్ సింగ్ గారు 1988లో ఎయిర్ ఇండియాకు చోదకురాలిగా ఎంపికైనను ఆరోగ్య కారణములచే ఎగురలేక, విమాన భద్రతా శాఖలో పనిచేసి పైకి వచ్చిరి. చూడుడు: ఈ అయిదుగురిలో ఒక్కరును చోదకురాలి ఆసనము నుండి అధిపతి ఆసనమునకు రాలేదు. లెక్కలు, చట్టము, ఇంజనీరింగు, భద్రత, ప్రయాణికుల సేవ అను దారులలో వచ్చిరి. కావున "మా అమ్మాయి విమానము నడుపుచున్నది" అని పొంగిపోవు తండ్రి, "మా అమ్మాయి విమాన సంస్థ లెక్కలు చూచుచున్నది" అని గూడ పొంగిపోవలసిన కాలము వచ్చినది.

"ఇది ఆకాశపు మాట, మన సంసారములకు దీనితో పని యేమి?" అని అనుకొనరాదు. విమాన పరిశ్రమ మనవారు తరతరములుగా స్థిరపడిన ఊళ్ల ముంగిటనే ఉన్నది. బెంగళూరు కర్మాగారము 1940లో స్థాపితమైనది. అదియే నేటి హిందూస్థాన్ ఏరోనాటిక్స్. దానికి చిన్న భాగములు చేసి ఇచ్చు కర్మశాలలు పీణ్యా వాడలో ఎన్నియో కలవు. తెలుగు మాట వీధివీధిన వినవచ్చు హోసూరు ప్రక్కన, బెలగొండపల్లి వద్ద, సొంత రన్‌వే గల కర్మాగారమున 1990 దశకమున తేలిక విమానములు తయారైనవి. ఒడిశాలో కోరాపుట్ జిల్లా సునాబెడాలో యుద్ధ విమానముల ఇంజనులు చేయు కర్మాగారమును, మహారాష్ట్రలో నాసిక్ వద్ద ఓఝర్‌లో విమానములు కూర్చు కర్మాగారమును 1964 నుండియే ఉన్నవి. గోధుమ పొలముల నడుమనున్న విచిటా విమానముల నగరమైనది కదా! విమాన వ్యాపారమనగా విమానములు కొని ఎగురవేయుట మాత్రమే కాదు. మరలు, తీగలు, ఆసనముల గుడ్డలు, ప్రయాణికుల భోజనము, సరకుల రవాణా, భీమా, మరమ్మతు, ఇవన్నియు అందులోనివే. వీనిలో పెక్కింటిని మధ్యతరగతి కుటుంబము నడుపగలదు.

ఇక మన ఇండ్ల సంగతి చూతము. భాష వేరైన సీమలకు వచ్చి మన పెద్దలు అంగళ్లు, మిల్లులు, లారీలు, కర్మశాలలు పెట్టి నిలదొక్కుకొనిరి. ఆ వ్యాపారములలో రాత్రిపూట చిట్టా కూడినది ఎవరు? పనివారికి వండి పెట్టినది ఎవరు? సరకు కొనుటకు డబ్బు చాలని నాడు గొలుసు తీసి ఇచ్చినది ఎవరు? ఇంటి ఆడవారే. కాని అంగడి పలక మీద "అండ్ సన్స్" అని యుండును గాని, కూతుండ్ర పేరు కానరాదు. పనిని పుచ్చుకొంటిమి; పేరును ఈయలేదు. కొన్ని చోట్ల ఇందుకు విపరీతమును కలదు: పన్నుల సౌకర్యము కొరకు భార్య పేర సంస్థ పెట్టి, ఆమెకు ఒక్క కాగితమును చదివి వినిపింపరు. అది పేరునిచ్చి పనిని దాచుట. పేరు లేని పనియు, పని లేని పేరును, రెండును పెత్తనము కావు.

చట్టము తన వంతు చేసినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన భాగమును 1986 చట్టముచే ఆంధ్రప్రదేశమును, 1989లో తమిళనాడును, 1994లో కర్ణాటక, మహారాష్ట్రములును కల్పించినవి. 2005లో ఆ హక్కు దేశమంతటికి వర్తించినది. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీల పాలకవర్గమున ఒక స్త్రీ యైనను ఉండవలెనని శాసించినది. కాని చట్టము భాగమీయగలదు, కుర్చీ ఈయగలదు, తెలివిడి ఈయలేదు. అది ఇంటిలో పెద్దలు ఈయవలసినది.

"పెండ్లియై పోవు పిల్లకు వ్యాపారము నేర్పినచో ఆ విద్య పరుల ఇంటి పాలగును గదా" అను మాట ఇంకను వినబడుచున్నది. ఈ మాట మనవంటి వారి నోట రాదగదు. మనము పొలిమేరలు దాటి వచ్చినవారి సంతతి. పొలము వెంట రాదు, ఇల్లు వెంట రాదు, నేర్చిన విద్య మాత్రమే వెంట వచ్చునని మన కుటుంబములకు తెలిసినంతగా ఎవరికి తెలియును? మీ కూతురు మెట్టినింటికి పట్టుకొనిపోవు విద్యయే రేపు మీ కోడలు మీ ఇంటికి తెచ్చు విద్య. సంఘమంతయు నేర్పినచో ఎవరికిని నష్టము లేదు.

కావున కుటుంబములకు నా మనవి మూడు మాటలు. మొదటిది: పది పదునొకండేండ్ల బాలికకు ఇంటి ఖర్చుల పద్దు అప్పగింపుడు. తప్పులు వచ్చును, రానిండు. రెండవది: బ్యాంకునకో, ఆడిటరు వద్దకో, సరకు బేరమునకో పోవునపుడు కొడుకును తీసికొనిపోయినట్లే కూతురిని గూడ తీసికొనిపొండు. మూడవది: వ్యాపారమున భాగస్వామిగా ఆమె పేరు వ్రాసినచో ఆ దస్తావేజును ఆమె చేత చదివించి, అర్థము చెప్పి, తరువాత సంతకము చేయింపుడు.

మన సంఘమునకు ఒక మాట. ప్రతి వేసవిలోను మనము బాలబాలికలకు బహుమతులిచ్చుచున్నాము, పద్యములు చదివించుచున్నాము. మంచిదే. దానితోపాటు విమాన మరమ్మతు ఇంజనీరు పరీక్షకో, కాస్టు అకౌంటెంటు, చార్టర్డు అకౌంటెంటు పరీక్షలకో చదువు పేద బాలికలకు సహాయ వేతనములు ఏర్పాటు చేయవలెను. విమానము నడుపుట నేర్వవలెనన్నచో పదుల లక్షల రూపాయలు కావలెను. అది మన సంఘము భరింపలేని బరువు. కాని మరమ్మతు ఇంజనీరు విద్యకు గణితము, భౌతికశాస్త్రములతో ఇంటర్మీడియటు చదివిన బాలిక అర్హురాలు. అకౌంటెన్సీ చదువునకు వ్యయము మరింత స్వల్పము. బెంగళూరులోను, హోసూరులోను, సునాబెడాలోను, నాసిక్‌లోను ఆ పరిశ్రమలలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న మనవారు పలువురు కలరు. నెలకు ఒక ఆదివారము వారు మన బాలికలకు పని తీరు చెప్పుటకు అంగీకరించినచో అంతకంటె వేరు పాఠశాల అక్కరలేదు.

ఏడేండ్ల పిల్ల పేర బ్యాంకు ఖాతా తెరచిన వేవర్లీ తల్లి, తన కూతురు విమానముల కర్మాగారమునకు అధిపతి కాగలదని ఊహించియుండదు. నమ్మి పని అప్పగించినది, అంతే. ఆ పాటి నమ్మకమునకు ధనముతో నిమిత్తము లేదు, చట్టముతో నిమిత్తము లేదు. మన ఇండ్లలో అది నేటి సాయంకాలమే మొదలు కావచ్చును.